నాన్నగారి చాకు సంచిలో వేసుకోవచ్చా?

తార్నాక నుంచి ఒక పాఠకురాలు రాశారు. వయసు 34. ఎగ్జిబిషన్ స్టాళ్లు, పెళ్లి మండపాలు అలంకరించే చిన్న సంస్థలో సైట్ పని చూస్తారు. జనవరి అంతా నాంపల్లి నుమాయిష్‌లో, తర్వాత హైటెక్స్‌లోనో ఫంక్షన్ హాళ్లలోనో, ఏడాదికి రెండుసార్లు ఢిల్లీలో పని. అట్టపెట్టెలు, నైలాన్ తాడు, జిప్ టైలు, ఫ్లెక్సు, థర్మోకోల్, బంతిపూల కాడలు, డబుల్ టేపు. రోజంతా ఏదో ఒకటి కోస్తూనే ఉండాలి. అస్తమానం ఎవరినో ఒకరిని కట్టర్ అడగాల్సి వస్తోందని ఆన్‌లైన్‌లో 1,400 రూపాయలు పెట్టి ఒక మడత చాకు తెప్పించుకున్నారు. ఎంచిపెట్టింది మరిది. నల్ల పూత, మీట నొక్కితే టక్కున తెరుచుకునే స్ప్రింగు. "రాత్రిళ్లు ఆలస్యంగా వస్తావు వదినా, రక్షణకీ పనికొస్తుంది" అన్నాడట. రెండు వారాలకే బ్లేడు అటూ ఇటూ ఊగడం మొదలైంది. ఒకసారి సంచిలోనే తెరుచుకుని అడుగుగుడ్డ చీల్చింది. ఆ తర్వాత మెట్రో స్టేషన్ తనిఖీలో ఆపేశారు. ఇంట్లో ఆరేళ్ల పాప ఉంది కాబట్టి ఆ వస్తువు ఇంట్లో వద్దని వాళ్లాయన పట్టుబట్టారు.

ఈలోగా పుట్టింటి అల్మారాలో నాన్నగారి చాకు దొరికింది. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో చేసి రిటైరై, ఆరేళ్ల కిందట పోయారు. చెక్క పిడి, ఇత్తడి రివెట్లు, పిడి ఒకవైపు పగులు, బ్లేడు మీద తుప్పు, మూసినా మొన కొంచెం బయటికే ఉంటుంది. "దీనికి కొత్త పిడి వేయించి, నాన్న పేరు చెక్కించి రోజూ ఇదే పట్టుకెళ్లొచ్చా? అమ్మ మాత్రం నాన్న చేతిలో ఎలా ఉందో అలాగే ఉండనీ అంటోంది. సాన పట్టేవాడు అద్దంలా మెరిపిస్తానంటున్నాడు. కొత్తది కొనాలంటే ఏది కొనాలి, నాకు తగ్గట్టు ఎలా మార్చుకోవాలి? అత్తగారేమో శనివారం ఇనుము కొనొద్దంటారు, నాకు దొరికే సెలవు శనివారమే" అని ముగించారు.

సమాధానం:

మీరు అడిగింది ఒక చాకు గురించే. కానీ మీ ఉత్తరంలో నాలుగు కోరికలు ఒకే చాకు మీద పడ్డాయి. సైట్‌లో కోతలు, రాత్రి ప్రయాణంలో ధైర్యం, తనిఖీలు దాటడం, నాన్నగారి గుర్తు. ఈ నాలుగూ మోసే చాకు లేదు. విడదీసి చూస్తే ఒక్కోదానికి దారి ఉంది.

ముందు రక్షణ సంగతి, ఎందుకంటే మీ మొదటి కొనుగోలు దారి తప్పింది అక్కడే. మరిది ప్రేమతోనే అన్నాడు. అయినా మడత చాకు ఆత్మరక్షణ సాధనం కాదు. సంచిలోంచి తీసి, తెరిచి, పట్టు కుదిరే సరికి ఎదుటివాడు మీ చెయ్యి పట్టుకునేంత దగ్గరికి వస్తాడు. ఆ పెనుగులాటలో చాలాసార్లు తెగేది చాకు పట్టుకున్నవాళ్ల చెయ్యే. పైగా "రక్షణ కోసం పెట్టుకున్నాను" అని మీ నోటితో అన్న క్షణం అది పనిముట్టు కాకుండా పోతుంది. రాత్రి ప్రయాణానికి 100 గానీ 112 గానీ ఒక్క నొక్కుతో వెళ్లేలా ఫోన్‌లో పెట్టుకోండి. ఎవరైనా వెంటపడితే, వేధిస్తే 2014లో హైదరాబాద్‌లో మొదలైన షీ టీమ్స్ ఉన్నాయి. ఆలస్యమైన రోజు ఇంటికి చేర్చే బండి ఏర్పాటు సంస్థ బాధ్యత, అది గట్టిగా అడగండి. చాకును ఈ లెక్కలోంచి పూర్తిగా తీసేయండి. తీసేస్తే ఎంపిక సగం తేలికవుతుంది.

ఇక చట్టం. 1959 నాటి ఆయుధాల చట్టం కింద ఉన్న నియమాలు 9 అంగుళాలు మించిన పొడవో, 2 అంగుళాలు మించిన వెడల్పో ఉన్న బ్లేడు కత్తులను ఆయుధాల జాబితాలో పెట్టాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమలకు తయారైనవాటిని మినహాయించాయి. మీకు కావలసిన రెండున్నర, మూడు అంగుళాల చాకు ఆ కొలతలకు చాలా దూరం. అలాగని ఎక్కడికైనా పట్టుకెళ్లొచ్చని కాదు. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ ఒకటుంది. బటన్‌తోనో మరో యంత్ర పద్ధతిలోనో తెరుచుకునే చాకుల బ్లేడు 7.62 సెం.మీ. పొడవు, 1.72 సెం.మీ. వెడల్పు, లేదా అంతకు మించి ఉంటే ఆయుధాల చట్టం వర్తిస్తుంది. ఏడాదికి రెండుసార్లు ఢిల్లీ వెళ్లే మీకు మీట చాకు తగదనడానికి ఈ ఒక్క కారణం చాలు. విమానంలో ఏ చాకూ చేతి సంచిలో పెట్టకూడదు, చెక్ ఇన్ సామానులోనే వెయ్యాలి. కీ చైన్‌కు తగిలించిన చిన్నదాన్ని మరిచిపోయి శంషాబాద్‌లో వదులుకునేవాళ్లు ఎందరో, కాబట్టి బయల్దేరే ముందు తాళాలు చూసుకోండి. ఎన్నికలప్పుడో నిమజ్జనం రోజుల్లోనో నిషేధాజ్ఞలు ఉన్నప్పుడు చాకు ఇంట్లోనే ఉండాలి.

మెట్రోలో పదునైన వస్తువులు తీసుకెళ్లనివ్వరు. స్కానర్ దగ్గర కూర్చున్న మనిషికి మీది అలంకరణ పనా మరొకటా తెలియదు. వాదించి గెలిచినా రేపు ఇంకొకరుంటారు. అందుకే మీ రోజు రెండు రకాలుగా విడిపోతుంది. సామాను వ్యాన్‌లో సైట్‌కు వెళ్లే రోజులు, మెట్రోలో వెళ్లే రోజులు. మెట్రో రోజుల్లో పదునైనదేదీ మీ ఒంటి మీద ఉండకూడదు, మీ చాకు సైట్ పనిముట్ల పెట్టెలో తాళం కింద ఉండాలి. సంస్థ పెట్టెలో మీ పేరు రాసిన ఒక అర అడిగి తీసుకోండి. "రోజూ జేబులో" అన్న మీ కోరిక ఇక్కడ కొంత తగ్గుతుంది, ఆ మాట ముందే చెప్పడం మంచిది.

ఇప్పుడు అసలు విషయం, మీరు ఏం కోస్తున్నారు అన్నది. మీ జాబితాలో సగం మడత చాకు పని కాదు. జిప్ టైని చాకుతో కోయకండి. బిగుసుకున్న ప్లాస్టిక్ ఒక్కసారిగా తెగి బ్లేడు ఎదురుగా ఉన్న వేలి మీదకో గుడ్డ మీదకో దూకుతుంది. దానికి పట్టకారులా నొక్కి కోసే చిన్న సైడ్ కట్టర్ వాడండి, తెగిన చోట ముళ్లులా నిలిచే కొస కూడా మిగలదు. థర్మోకోల్‌కు సన్నటి పొడవాటి బ్లేడు కావాలి, మొద్దుబారిన కొసను విరిచి పారేసే 18 మి.మీ. స్నాప్ కట్టర్ బ్లేడును సగం బయటికి తీసి నెమ్మదిగా లాగితే గింజలు రాలవు. పొట్టి మందపాటి చాకు దాన్ని కోయదు, చింపుతుంది. నిచ్చెన మీద ఒక చేత్తో గుడ్డ పట్టుకుని రెండో చేత్తో కోయాల్సినప్పుడు కూడా ఆ కట్టరే మేలు. బొటనవేలితో తోస్తే వస్తుంది, వెనక్కి లాగితే పోతుంది. మీట చాకు మీకు నచ్చడానికి కారణం ఈ ఒంటిచేతి పనే అయ్యుంటుంది. ఆ అవసరం నిజమైనదే, తీర్చాల్సింది మాత్రం కట్టర్. నడుముకు తాడుతో కట్టి ఉంచుకోండి, కింద నిలబడ్డవాళ్ల తల మీద పడకుండా.

మిగిలినవి అట్ట, తాడు, టేపు, ఫ్లెక్సు, పూల కాడలు. మడత చాకు వీటికి. నా దృష్టిలో మీ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది స్విస్ తరహా లాక్ లేని చాకు. విక్టరినాక్స్‌లో అల్యూమినియం పిడి కేడెట్ మూస్తే 84 మి.మీ., పయనీర్ 93 మి.మీ. కేడెట్ పలచన, చిన్న చేతికి సరిపోతుంది. పయనీర్‌లో కన్నాలు పొడిచే సూది ఉంటుంది, ఫ్లెక్సుకు తాడు కన్నం పెట్టేటప్పుడు ఆ సూది విలువ తెలుస్తుంది. స్టెయిన్‌లెస్ కాబట్టి పూల కాడల రసానికీ చెమటకూ భయం లేదు. స్టీలు కొంచెం మెత్తన. అట్ట ఎక్కువ కోస్తే వారానికోసారి పదును అడుగుతుంది, అయిదు నిమిషాల్లో పదునెక్కుతుంది కూడా. చూడగానే ఎవరికైనా పనిముట్టే అనిపిస్తుంది. మీ పరిస్థితిలో అది చిన్న లాభం కాదు. లోటు ఒక్కటే. బ్లేడును తెరిచి ఉంచేది వెనక పట్టీ స్ప్రింగు మాత్రమే. మొనతో గుచ్చితే, లేదా వెన్ను మీద ఒత్తిడి పడితే వేళ్ల మీదకు మడుచుకుంటుంది. లాగి కోయడమే తప్ప పొడవడం దీనితో చేయకూడదు.

రెండోది ఫ్రాన్సు వాళ్ల ఒపినెల్. 1890 నుంచి దాదాపు అదే రూపం. 8వ నంబరు బ్లేడు 8.5 సెం.మీ. మెడ దగ్గర తిరిగే ఉక్కు ఉంగరం లాక్, 1955లో చేర్చారు. బ్లేడు పలచన కాబట్టి అట్టలోనూ కాడల్లోనూ వెన్నలా దిగుతుంది. రెండు చేతులూ కావాలి. బీచ్ చెక్క పిడి మన వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బి బ్లేడును బిగించేస్తుంది. కొన్న రోజే కీలు దగ్గర చెక్కకు లిక్విడ్ పారఫిన్ రెండు మూడుసార్లు పట్టిస్తే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది. ఇందులో కార్బన్ స్టీలు, స్టెయిన్‌లెస్ రెండూ దొరుకుతాయి. మీరు స్టెయిన్‌లెస్ తీసుకోండి. బంతి కాడ కోసి తుడవకుండా మూసిన కార్బన్ బ్లేడు మీద తెల్లారేసరికి ఎర్రమచ్చ లేస్తుంది.

మూడోది స్ప్రింగు లేకుండా బొటనవేలితో తోసి తెరిచే, లాక్ ఉన్న చాకు. బ్లేడుకు గుండ్రటి కన్నం, జేబుకు క్లిప్పు ఉన్నవి. 1981లో స్పైడర్కో అనే అమెరికా కంపెనీ మొదలుపెట్టిన ఆ పద్ధతి ఇప్పుడు ప్రపంచమంతా ఉంది. పనికి ఇవి గట్టివి. కొనేటప్పుడు స్టీలు పేరు స్పష్టంగా రాసి ఉందా చూడండి. 14సి28ఎన్ తుప్పును బాగా తట్టుకుంటుంది, 8సిఆర్13ఎంఓవి తక్కువ ధరలో ఫర్వాలేదు. డి2 పదును ఎక్కువ రోజులు నిలుపుతుంది గానీ చెమట తగిలితే చుక్కలు పడతాయి. ఉత్త "స్టెయిన్‌లెస్ స్టీల్" అని మాత్రమే రాసి ఉంటే వదిలేయండి. ఈ దారిలో చిక్కేమిటంటే చూపుకు ఆయుధంలా ఉంటుంది, ఇంట్లో మీ ఆయనతో జరిగిన వాదన మళ్లీ మొదలవుతుంది.

నేనైతే మొదటి దాని వైపే మొగ్గుతాను. మీ కోతల్లో తాడు, అట్ట ఎక్కువై పూలు తక్కువైతే మూడోదాన్ని కొట్టిపారేయను. అత్తగారి మాటకు దారి ఉంది. శనివారం ఫుర్సతుగా దుకాణంలో చేత పట్టుకుని చూసి రండి, డబ్బు మరో రోజు కట్టండి. చూడకుండా కొనకపోవడం ఎలాగూ మంచిదే. గోటి గాడిలో మీ గోరు ఆనుతుందా, తెరిచాక బ్లేడు పక్కకు ఊగుతుందా, మూసినప్పుడు నడిమధ్యన కూర్చుంటుందా, ఈ మూడూ చేతిలోనే తెలుస్తాయి.

ఇంట్లో ఉన్న 1,400 రూపాయల చాకు సంగతి. ఊగడం ఒక లోపం, సంచిలో తెరుచుకోవడం వేరే లోపం. మొదటిది కీలు మరలో ఉంది. సాధారణంగా దానికి టి8 టార్క్స్ బిట్ (నక్షత్రం మొన ఉన్న స్క్రూడ్రైవర్) పడుతుంది. పావు మలుపు కన్నా తక్కువ తిప్పుతూ, ప్రతిసారీ తెరిచి మూసి చూస్తూ బిగించి, మర వదులు కాకుండా దాని చుట్లకు నీలం రంగు థ్రెడ్‌లాకర్ (మరలను పట్టి ఉంచే జిగురు) ఒక్క చుక్క పెడితే సరిపోతుంది. వాషర్ల మీదకు పోతే కీలే పట్టేస్తుంది, అందుకే చుక్క. రెండోది మూసి పట్టి ఉంచే పట్టు అరిగిపోవడం. అది ఇంట్లో బాగుపడదు, బజార్లో బాగుచేయించడం ధరకు తగదు. చిన్న పాప ఉన్న ఇంట్లో దానంతట అది తెరుచుకునే చాకు ఉండకూడదు. అంచుకు మందంగా టేపు చుట్టి, అట్టలో పెట్టి కట్టి, చెత్త తీసుకెళ్లే మనిషికి చెప్పి ఇవ్వండి. ఈ ఒక్క విషయంలో మీ ఆయన మాటే సరైనది.

కొత్తదాన్ని మీకు తగ్గట్టు మార్చుకోవడం గురించి. కొనే ముందే ఒకటి తెలియాలి. అల్యూమినియం పిడి విక్టరినాక్స్‌లో పిడి పలకలు రివెట్లతో బిగించి ఉంటాయి, విరగ్గొట్టకుండా మార్చలేరు. 91 మి.మీ. ఎర్ర ప్లాస్టిక్ పిడి రకంలో పలకలు ఇత్తడి రివెట్ తలల మీద నొక్కి కూర్చోబెట్టినవి. పలచటి ప్లాస్టిక్ కార్డు సందులో దూర్చి లేపితే వచ్చేస్తాయి, కొత్తవి వేలితో నొక్కితే పడతాయి. రంగులు మార్చుకునే సరదా ఉంటే ఆ రకమే తీసుకోండి. పేరు చెక్కించుకోవాలంటే అల్యూమినియం మీద లేజర్ బాగా పడుతుంది, పై రంగు పోయి కింద వెండి తెలుపు బయటపడుతుంది. బ్లేడు మీద మాత్రం ఏమీ చెక్కించకండి, ఆ గీతల్లో తేమ నిలుస్తుంది. కొక్కేనికి ముదురు నారింజ రంగు తాడు నాలుగు అంగుళాలు కట్టండి. పూల రేకులూ గుడ్డ ముక్కలూ పరుచుకున్న సైట్‌లో చాకు పోగొట్టుకోకుండా కాపాడేది ఆ రంగే.

అన్నిటికన్నా పనికొచ్చే మార్పు పదునులో ఉంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అంచును మీ పనికి తగ్గట్టు దిద్దుకోవాలి. ఒకవైపు 400, రెండోవైపు 1000 గరుకు నంబరు ఉన్న సాన రాయి చాలు, 400 గరుకు వైపు, 1000 నునుపు వైపు. ఒక్కో వైపు 20 డిగ్రీల కోణం పెట్టండి. 13 మి.మీ. వెడల్పు బ్లేడుకు వెన్ను రాయి నుంచి సుమారు నాలుగున్నర మిల్లీమీటర్లు లేస్తే ఆ కోణం వస్తుంది. అంచుకు నల్ల మార్కర్ పూసి రెండుసార్లు రుద్ది చూడండి. రంగు అంచు చివర పోతే కోణం సరే, పైన మాత్రమే పోతే ఇంకాస్త లేపాలి. ఒకవైపు రుద్దుతూ పోతే రెండోవైపు అంచంతా సన్నటి పొర లేస్తుంది, వెన్ను నుంచి అంచు వైపు బొటనవేలు అడ్డంగా జరిపితే తగులుతుంది. మొదలు నుంచి మొన దాకా ఆ పొర లేచేవరకు వైపు మార్చకండి. చాలామందికి పదును కుదరకపోవడం ఇక్కడే, పొర లేవకముందే వైపు మార్చేస్తారు. రెండు వైపులా అయ్యాక 1000 మీద తేలిగ్గా, చివర పాత తోలు బెల్టు మీద వెనక్కి లాగుతూ పది పదిసార్లు. అంతకు మించి నునుపు చేయొద్దు. అద్దంలా మెరిసే అంచు నైలాన్ తాడు మీద జారుతుంది, కాస్త గరుకుగా ఉన్నదే కొరుకుతుంది. టేపు జిగురు అంటితే గోటితో గీకకుండా నీలగిరి తైలం దూదికి అద్ది వెన్ను వైపు నుంచి తుడవండి.

ఇప్పుడు నాన్నగారి చాకు. మీ ఉత్తరంలో ఎక్కువ పేజీలు దీని గురించే ఉన్నాయి.

సాన పట్టేవాడికి ఇవ్వకండి. కత్తిపీటలకూ వంటింటి కత్తులకూ ఆయన చేతి పని బాగుంటుంది. పాత మడత చాకు బ్లేడు పలచన, పొడి చక్రం మీద క్షణాల్లో వేడెక్కుతుంది. అంచు నీలంగా మారిందంటే దాదాపు 300 డిగ్రీలు దాటిందని అర్థం, ఆ చోట ఉక్కు మెత్తబడిపోయి ఇక పదును నిలవదు. అద్దంలా మెరిపించడం అంటే పైపొర అరగదీయడమే. కంపెనీ ముద్ర ఏదైనా ఉంటే అది పోతుంది, ఏళ్ల తరబడి నాన్నగారి వాడకంలో వచ్చిన ముదురు బూడిద రంగూ పోతుంది. ఆ బూడిద రంగు తుప్పు కాదు, ఎర్ర తుప్పును అది కొంతవరకు ఆపుతుంది కూడా. చింతపండు ఇత్తడి రివెట్లకు మంచిదే గానీ ఉక్కుకు తగలనివ్వకండి, పులుపు ఉక్కును తినేస్తుంది.

మీ ముందు మూడు మెట్లున్నాయి. ఒకటి, శుభ్రం చేసి ఆపడం. ముందు రెండు వైపులా ఫోటోలు తీయండి. కీలులో కుట్టు మిషన్ నూనె నాలుగు చుక్కలు వేసి రాత్రంతా వదలండి. మర్నాడు నెమ్మదిగా తెరిచి మూస్తూ బయటికొచ్చే నల్ల మడ్డిని గుడ్డతో తుడవండి. బిగుసుకుని రాకపోతే గోటితో లాగొద్దు, తోలు ముక్కతో బ్లేడును పట్టుకుని తెరవండి. ఎర్ర తుప్పును 0000 రకం స్టీల్ ఊల్‌కు (అతి సన్నటి ఉక్కు పీచు) నూనె అద్ది బ్లేడు పొడవునా రుద్దితే పోతుంది, బూడిద రంగు నిలుస్తుంది. మొన బయటికి ఉండటానికి చాలాసార్లు కారణం పిడి గాడి అడుగున గట్టిపడిన మట్టి. అగరొత్తి పుల్లతో గీకి తీయండి. అప్పటికీ మొన లోపలికి పోకపోతే బ్లేడు మొదట్లో పదును లేని చిన్న బుడిపెను సన్నటి ఆకురాయితో రెండు మూడుసార్లు రాస్తే బ్లేడు కిందికి కూర్చుంటుంది. ఎక్కువ రాస్తే అంచు లోపలి స్ప్రింగును తగిలి మొద్దుబారుతుంది, ఇక వెనక్కి రాదు. అందుకే ఒక్కో రాపుకూ మూసి చూడాలి.

రెండో మెట్టు, ఉన్న పిడినే నిలపడం. పగులులోకి పలచగా కలిపిన అరల్డైట్ పుల్లతో దించి, గుడ్డ చుట్టి క్లాంపు బిగించి ఒక రోజు వదిలేయాలి. బయట పొంగిన జిగురు గట్టిపడకముందే తుడిచేయండి. ఆరాక అవిసె నూనె పలచగా రెండు పూతలు. పగులు గీత కనిపిస్తూనే ఉంటుంది, చాకు మాత్రం చేతిలో భద్రం. బ్లేడు ఊగుతుంటే, చేతనైన పనివాడు కీలు రివెట్ తలను ఇనుప దిమ్మ మీద పెట్టి చిన్న సుత్తితో తేలిగ్గా తడతాడు. రెండు దెబ్బలు, ఒకసారి చూడటం, మళ్లీ రెండు. ఇదొక్కటి మీరు చేయకండి.

మూడోది, కొత్త పిడి. రివెట్లు డ్రిల్ చేసి తీయాలి, టేకో రోజ్‌వుడ్డో పలకలు కోసి, కొత్త ఇత్తడి కడ్డీ వేసి, అరల్డైట్‌తో అతికి, 120 నుంచి 800 వరకు ఎమెరీ పేపర్ పట్టాలి. అందంగా వస్తుంది. కానీ రివెట్లు తీసిన చాకు పాత బిగువుకు వస్తుందన్న హామీ లేదు, ఆయన చేతికి అరిగిన చెక్క మాత్రం పోతుంది. మీ అమ్మగారు వద్దంటున్నది ఈ మెట్టునే అని నాకనిపిస్తోంది. మొదటి రెండు మెట్లకు ఆవిడ అడ్డు చెబుతారనుకోను. శుభ్రం చేసేటప్పుడు ఆవిడను పక్కన కూర్చోబెట్టుకోండి, ఆ చాకుతో ఆయన ఏమేం కోసేవారో ఆవిడకే తెలుసు. పేరు ఉండాలని మీకు బలంగా ఉంటే చిన్న ఇత్తడి రేకు మీద చెక్కించి, చాకు పెట్టుకునే తోలు ఒరకు కుట్టించండి. చాకుకు గీత పడదు, మీ ఇద్దరి మాటా నిలుస్తుంది.

రోజూ సైట్‌కు మాత్రం వద్దు. డబుల్ టేపు జిగురు, పూల రసం, వ్యాన్‌లో దుమ్ము దాని కీలును మళ్లీ మొదటికి తెస్తాయి. స్కానర్ దగ్గర వదిలేయాల్సి వస్తే 1,400 రూపాయల చాకును వదిలినట్టు దీన్ని వదల్లేరు. ఇంట్లో పళ్లకు వాడండి. పచ్చిమామిడి కోస్తే నిమిషాల్లో బ్లేడు నల్లబడుతుంది, పాడైందని కంగారుపడి తోమకండి. వెంటనే కడిగి, పొడిగా తుడిచి, మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ ఒక చుక్క బ్లేడంతా రాయండి. కొబ్బరి నూనె వద్దు, చలికాలంలో పేరుకుని కీలులో బంకగా మారుతుంది. ఒరలో వారాల తరబడి ఉంచితే తోలు తేమ పట్టి తుప్పు లేపుతుంది, కాబట్టి వానాకాలం నాలుగు నెలలూ ఒర వేరుగా, చాకు నూనె రాసిన గుడ్డలో వేరుగా, పాపకు అందని పై అరలో పెట్టండి.